చైనాలో 8 రాత్రులు: ఆరు ఊళ్లు వద్దు, ఒకే రైలుదారి మీద మూడు చాలు

గుంటూరు నుంచి రాసిన సోదరికి నమస్తే. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మే నెలలో 8 రాత్రుల ప్రయాణం. మీరిద్దరూ, 11 ఏళ్ల బాబు, 5 ఏళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు. బీజింగ్, షియాన్, లువోయాంగ్, నాన్‌జింగ్, సుజౌ, షాంఘై ఆరూ చూడాలని, ఖర్చు మాత్రం అదుపులో ఉండాలని రాశారు. అత్తగారు శుద్ధ శాకాహారి, మిగతావాళ్లు గుడ్డు వరకు తింటారన్నారు.

నేను ఉద్యోగరీత్యా ఏడేళ్లు సుజౌలో ఉన్నాను. అమ్మానాన్నలను, తర్వాత అక్కావాళ్లను, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు స్నేహితుల కుటుంబాలను వెంటబెట్టుకుని తిప్పాను. ఆ అనుభవంతో మొదటే చెప్పేస్తాను. ఆ ఆరింటిలో మూడు కొట్టేయండి. హోటల్ చవకదా ఖరీదైనదా అన్న లెక్క కంటే ఊళ్ల సంఖ్యే మీ ఖర్చునూ, అత్తగారి మోకాళ్లనూ ఎక్కువగా దెబ్బతీస్తుంది.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు నేను చేసిన పొరపాటే ఇది. 7 రోజుల్లో 5 ఊళ్లు పెట్టాను. ఇంటికెళ్లాక అమ్మ చుట్టాలకు చెప్పిందంతా స్టేషన్ల గురించే. ఎంత పెద్దవో, ఎంత నడిచామో, సామాన్లు ఎన్నిసార్లు మిషన్‌లో పెట్టి తీశామో, అంతే. గోడల గురించి, గుళ్ల గురించి ఒక్క మాట లేదు. అది విని నాకు చాలా బాధేసింది. ఆ తర్వాత ఎవరొచ్చినా ఆ పద్ధతి మానేశాను.

లెక్క చూడండి. ఊరు మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయాలి, స్టేషన్ చేరాలి, తనిఖీలు దాటాలి, రైలెక్కాలి, దిగి కొత్త హోటల్ వెతుక్కోవాలి. ఐదుగురితో ఇదంతా పూటన్నర పని. ఆరు ఊళ్లంటే ఐదుసార్లు మారాలి. ఉన్న 8 రోజుల్లో మూడు రోజులకు పైగా సామాన్లు మోయడంతోనే సరిపోతుంది. పైగా ఒక్కో మార్పుకు రైలు ఛార్జీలు, టాక్సీలు కలిపి తడిసి మోపెడవుతుంది.

నేను చెప్పేది ఇది. బీజింగ్‌లో 4 రాత్రులు, లువోయాంగ్‌లో 1, షియాన్‌లో 3. ఈ మూడూ ఒకే హైస్పీడ్ రైలుదారి మీద వరసగా ఉన్నాయి. బీజింగ్‌లో విమానం దిగి షియాన్‌లో ఎక్కేయండి, వెనక్కి రావాల్సిన పనే లేదు. వెళ్లేటప్పుడు ఒక ఊరు, వచ్చేటప్పుడు ఇంకో ఊరు పెట్టి టికెట్ వెతికితే రానుపోను ధరకు పెద్ద తేడా ఉండదు. ఐదు వేలో పదివేలో ఎక్కువైనా, వెనక్కి వచ్చే రైలు ఛార్జీతో పోలిస్తే అదే లాభం.

ఈ వరసలో ఇంకో అందం ఉంది. చైనా చరిత్రలో వెనక్కి నడుచుకుంటూ పోయినట్టు ఉంటుంది. బీజింగ్‌లో 600 ఏళ్ల నాటి మింగ్ రాజుల కోట, లువోయాంగ్‌లో 1500 ఏళ్ల నాటి గుహలు, షియాన్‌లో 2200 ఏళ్ల నాటి మట్టి బొమ్మల సైన్యం. మీ బాబు వయసు పిల్లలకు ఇలా వరసలో చూపిస్తే బుర్రలో నిలబడుతుంది. షాంఘై, సుజౌ, నాన్‌జింగ్ ఒకదానికొకటి దగ్గర. అవి విడిగా ఇంకో ప్రయాణానికి ఉంచండి. సుజౌ తోటల మీద నాకెంత ప్రేమున్నా, ఈసారికి వద్దనే చెబుతున్నాను.

తేదీల సంగతి. మే 1 నుంచి 5 దాకా అక్కడ కార్మిక దినోత్సవం సెలవులు. దేశం మొత్తం రోడ్ల మీదే ఉంటుంది, హోటల్ ధర రెండు మూడింతలవుతుంది, రైలు టికెట్ దొరకదు. మే రెండో వారం నుంచి నెలాఖరు దాకా మీకు సరైన సమయం. మన పిల్లలకు సెలవులు, వాళ్ల పిల్లలకు బడులు, ఎండ ఇంకా ముదరదు. ఇది చదివే మిగతావాళ్లకు కూడా ఒక మాట. దసరా సెలవులు అక్టోబరు మొదటి వారంలో పడిన ఏడాది చైనా పెట్టుకోకండి. అక్టోబరు 1 నుంచి వాళ్ల జాతీయ దినోత్సవం సెలవులు, మే కంటే రద్దీ.

వీసా ముందే తీసుకోవాలి. చాలా దేశాలవాళ్లకు చైనా వీసా లేకుండా రానిస్తోంది, ట్రాన్సిట్‌లో పది రోజుల మినహాయింపు కూడా ఇస్తోంది. ఆ జాబితాల్లో భారత్ లేదు. యూట్యూబ్‌లో అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ల వీడియోలు చూసి మోసపోకండి. దరఖాస్తు కేంద్రాలు ఢిల్లీ, ముంబై, కోల్‌కతాలో ఉన్నాయి, హైదరాబాద్‌లో లేదు. నెలన్నర ముందే మొదలుపెట్టండి. ఢిల్లీ, కోల్‌కతాల నుంచి చైనాకు నేరు విమానాలు 2025 చివర్లో మళ్లీ మొదలయ్యాయి. హైదరాబాద్ నుంచైతే హాంకాంగ్, బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్‌లలో ఒకచోట మారి వెళ్లడం తేలిక. ధరలు పక్కపక్కన పెట్టి చూడండి. విమానం దిగేముందు నింపే కార్డు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు. ఇంటి దగ్గరే నింపి ఐదుగురివీ స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి.

ఇక బీజింగ్. హోటల్ ఊరి మధ్యలోనే కావాలని లేదు. మెట్రో స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో ఉంటే చాలు. హాన్‌టింగ్, హోమ్ ఇన్, జీ హోటల్ లాంటి గొలుసు హోటళ్లలో గది 250 నుంచి 400 యువాన్‌ల మధ్య దొరుకుతుంది. యువాన్ అంటే మన 12, 13 రూపాయలు అనుకోండి. మీకు రెండు గదులు కావాలి. బుక్ చేశాక విదేశీ పాస్‌పోర్టులకు గది ఇస్తారా అని యాప్‌లోనే ఒక మెసేజ్ పెట్టి జవాబు ఉంచుకోండి. ఇవ్వనంటే కుదరదని ప్రభుత్వం చెప్పినా, చిన్న హోటళ్లలో కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయికి పాస్‌పోర్ట్ నమోదు చేయడం చేతకాకపోతే రాత్రి పదింటికి పిల్లలతో మీరే ఇబ్బంది పడతారు.

ఫర్బిడెన్ సిటీ, అంటే ఇందాక చెప్పిన మింగ్ రాజుల కోట టికెట్ మీ ప్రయాణంలో అన్నిటికంటే కష్టమైన పని. సోమవారం సెలవు. టికెట్లు 7 రోజుల ముందు బీజింగ్ సమయం రాత్రి 8 గంటలకు తెరుస్తారు, అంటే మనకు సాయంత్రం 5:30. పాస్‌పోర్ట్ నంబర్లు దగ్గర పెట్టుకుని ఆ నిమిషానికి సిద్ధంగా కూర్చోండి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా టికెట్ 60 యువాన్‌లు. తియానన్మెన్ చౌరస్తాలోకి వెళ్లాలన్నా విడిగా ఉచిత రిజర్వేషన్ కావాలి. అది దొరకకపోయినా బెంగపడకండి, కోట ముఖ్యం.

కోటలోకి దక్షిణం వైపు గేటు నుంచి వెళ్లి ఉత్తరం గేటు నుంచి బయటపడాలి. ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు కిలోమీటరు, అంతా రాతి నేల, గడపలు. అత్తగారికి గేటు దగ్గర వీల్‌చెయిర్ అడగండి. మధ్య దారిలో పెద్ద మెట్లున్నచోట పక్కదారులుంటాయి. అక్కడి సిబ్బందికి కుర్చీ చూపిస్తే చాలు, వాళ్లే దారి చూపిస్తారు. పెద్దవాళ్లంటే అక్కడి జనానికి గౌరవం ఎక్కువ. మా అమ్మను చూసి క్యూలో ముందుకు పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఉత్తరం గేటు ఎదురుగానే జింగ్‌షాన్ పార్క్ ఉంది, టికెట్ 2 యువాన్‌లు. కింద పూలతోటలో అత్తగారిని, పాపను కూర్చోబెట్టి, మీలో ఒకరు బాబుతో గుట్టెక్కండి. పావుగంట ఎక్కితే మొత్తం కోట పసుపు రంగు పైకప్పులు ఒకేసారి కనిపిస్తాయి. బీజింగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన చూపు అదే.

చైనా మహా గోడ చూడటానికి ముతియాన్‌యు వైపు వెళ్లండి, బదాలింగ్ వైపు వద్దు. బదాలింగ్‌కు రైలుంది, చవక, నిజమే. కానీ జనం ఒరుసుకుంటూ నడుస్తారు. ముతియాన్‌యు ఊరికి 70 కిలోమీటర్లు. అక్కడ కేబుల్ కార్ గోడ మీదికే తీసుకెళ్తుంది. దిగినచోటే అత్తగారు కాసేపు నడిచి, బురుజు నీడలో కూర్చోవచ్చు. టికెట్, లోపలి బస్సు, కేబుల్ కార్ రానుపోను కలిపి తలకు 200 యువాన్‌ల దాకా అవుతుంది. ఈ ప్రయాణంలో పెద్ద ఖర్చుల్లో ఇదొకటి, అయినా తగ్గించుకోకండి. ఐదుగురు కాబట్టి బస్సులు మారే బదులు రోజుకు కారు మాట్లాడుకుంటే 600 యువాన్‌ల చుట్టుపక్కల అవుతుంది. పొద్దున్నే ఏడింటికి బయలుదేరండి. మూడో రోజు టెంపుల్ ఆఫ్ హెవెన్ అనే పాత ఆలయం చాలు. అక్కడి పార్కులో పొద్దున్నే రిటైరైన పెద్దవాళ్లు పాటలు పాడుతూ, పేకాడుతూ, ఈకల బంతిని కాలితో తన్నుతూ ఉంటారు. మీ పాపను చూస్తే తప్పకుండా ఆటలోకి పిలుస్తారు.

రైలు విషయంలో జాగ్రత్తగా చదవండి. టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు. రైల్వేవాళ్ల సొంత యాప్ 12306 ఇంగ్లీషులో ఉంది. అందులో పాస్‌పోర్ట్ ధ్రువీకరణకు సమయం పడుతుంది కాబట్టి నెల ముందే ఖాతా తెరవండి. బీజింగ్ నుంచి లువోయాంగ్‌కు దాదాపు 4 గంటలు, అక్కడి నుంచి షియాన్‌కు గంటన్నర, రెండు గంటలు. రెండూ కలిపి సెకండ్ క్లాస్‌లో పెద్దవాళ్లకు 600 యువాన్‌లు అనుకోండి. పిల్లల టికెట్ వయసును బట్టి ఉంటుంది. 6 నుంచి 14 లోపు సగం ధర, 6 లోపు ఉచితం, సీటు మాత్రం ఇవ్వరు. పాప ఉచితమే అయినా మీ టికెట్‌తో పాటు తన పేరూ చేర్చాలి, మరిచిపోకండి. నాలుగు గంటలు ఒళ్లో కష్టమనుకుంటే బీజింగ్ రైలు వరకు పాపకూ సగం టికెట్ కొనండి.

స్టేషన్ పేర్లు మోసం చేస్తాయి. బెయి అంటే ఉత్తరం, నాన్ దక్షిణం, షీ పడమర, దోంగ్ తూర్పు. మీ రైలు బీజింగ్ షీలో ఎక్కుతారు, లువోయాంగ్ లాంగ్‌మెన్‌లో దిగుతారు, తర్వాత షియాన్ బెయిలో దిగుతారు. ఇందులో ఒక్క ముక్క వదిలినా ఇంకో స్టేషన్‌కు వెళ్లిపోతారు. ఒకసారి నాన్నగారితో తిరిగొచ్చేటప్పుడు నేను టాక్సీ అతనికి షియాన్ స్టేషన్ అని మాత్రమే చెప్పాను. పాత స్టేషన్‌లో దింపాడు. మా రైలు ఊరికి ఉత్తరాన ఉన్న షియాన్ బెయిలో. రైలు తప్పింది. అదే రోజు ఇంకో రైలుకు టికెట్ మార్చి ఇచ్చారు, కానీ నాన్నగారు మూడు గంటలు బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. అప్పటినుంచి టికెట్ మీద చైనీస్‌లో ఉన్న స్టేషన్ పేరునే ఫోన్‌లో చూపిస్తున్నాను. మీరూ అదే చేయండి. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేట్లు మన పాస్‌పోర్ట్ చదవకపోవచ్చు, పక్కన మనిషి ఉన్న దారిలో వెళ్లండి. గంట ముందు స్టేషన్‌లో ఉండండి. చాకు, పెద్ద స్ప్రే డబ్బాలు తనిఖీలో తీసేస్తారు.

లువోయాంగ్ ఎందుకని మీవారు అడగొచ్చు. ఆ ఊరు అత్తగారి కోసం. మధ్యాహ్నానికి దిగి, లాంగ్‌మెన్ స్టేషన్ దగ్గరే హోటల్‌లో సామాను పడేసి లాంగ్‌మెన్ గుహలకు వెళ్లండి. యీ నది గట్టు కొండను తొలిచి 2,300కు పైగా గుహలు, గూళ్లు చెక్కారు. ఉత్తర వెయి రాజులు 5వ శతాబ్దం చివర్లో రాజధానిని ఇక్కడికి మార్చాక మొదలైన పని అది. అన్నిటికంటే పెద్ద వైరోచన బుద్ధుడు 17 మీటర్ల ఎత్తు, 675లో పూర్తయ్యాడు. దగ్గరికి వెళ్లాలంటే మెట్లెక్కాలి. అత్తగారు ఎక్కక్కర్లేదు. వంతెన దాటి తూర్పు గట్టుకు వెళ్తే నది మీదుగా ఆ విగ్రహం, చుట్టూ ఉన్న బోధిసత్వులు, కాపలా వీరులు మొత్తం ఎదురుగా కనిపిస్తారు. నిజానికి అక్కడి నుంచే బాగుంటుంది. టికెట్ 90 యువాన్‌లు, లోపల బ్యాటరీ బండి ఉంటుంది.

మర్నాడు పొద్దున టాక్సీలో శ్వేతాశ్వ ఆలయానికి వెళ్లండి. వాళ్లు బైమా సు అంటారు. క్రీ.శ. 68లో కట్టారని చెప్పే ఈ ఆలయం చైనా మొదటి బౌద్ధాలయంగా పేరు పొందింది. కాశ్యప మాతంగుడు, ధర్మరత్నుడు అనే ఇద్దరు భారతీయ భిక్షువులు తెల్లగుర్రం మీద గ్రంథాలు తెచ్చారని కథ. వాళ్ల సమాధులు ప్రాంగణంలోనే ఉన్నాయి. పక్కనే సాంచి స్తూపం పోలికలో భారత ప్రభుత్వం కట్టించిన ఆలయం ఉంది, 2010లో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. ఇంత దూరం వెళ్లి, ఒక్క అక్షరం చదవలేని చోట, మన తోరణాలు కనిపించినప్పుడు మా అమ్మ చెప్పులు బయట విడిచి చాలాసేపు అక్కడే కూర్చుంది. టికెట్ 35 యువాన్‌లు. మధ్యాహ్నం రైలుకు సాయంత్రానికి షియాన్ చేరతారు.

షియాన్‌లో మట్టి సైన్యానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. 1974లో బావి తవ్వుతున్న రైతులకు బయటపడిన ఆ సైన్యం, క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన తొలి చక్రవర్తి సమాధికి కాపలా. మెట్రో 9వ లైన్‌లో హువాచింగ్ దాకా వెళ్లి అక్కడి నుంచి సిటీ బస్సు ఎక్కితే కొద్ది యువాన్‌లతో అయిపోతుంది. స్టేషన్ బయట పిలిచి ఎక్కించుకునే బస్సులు ఎక్కకండి, నకలు బొమ్మల ప్రదర్శనకు, దుకాణాలకు తిప్పుతారు. టికెట్ 120 యువాన్‌లు, పాస్‌పోర్ట్ నంబర్లతో ముందే బుక్ చేసుకోండి. లోపల బొమ్మలు బయటపడిన గుంటల్లో రెండోది, మూడోది ముందు చూసి, ఆఖర్న ఒకటో గుంట చూడండి. బొమ్మలు వరుసలు తీరి నిలబడ్డ ఆ పెద్ద హాలు మొదటే చూసేస్తే మిగతావి పిల్లలకు చప్పగా అనిపిస్తాయి.

ఆఖరి రోజు ఊరి కోటగోడ. చుట్టుకొలత 13 కిలోమీటర్లు దాటుతుంది, పైన బస్సు పట్టేంత వెడల్పు. టికెట్ 54 యువాన్‌లు, సైకిళ్లకు వేరే. బాబు, వాళ్ల నాన్న సైకిల్ తొక్కితే మిగతావాళ్లు బ్యాటరీ బండెక్కవచ్చు.

సాయంత్రం పెద్ద అడవిబాతు గోపురానికి (బిగ్ వైల్డ్ గూస్ పగోడా) వెళ్లండి. ఇది మీకు గుంటూరువాళ్లుగా చెబుతున్నాను. మనం బడిలో హుయాన్‌త్సాంగ్ అని చదువుకున్న భిక్షువు పుట్టింది లువోయాంగ్ దగ్గరే. 7వ శతాబ్దంలో భారతదేశమంతా తిరుగుతూ ధాన్యకటకం, అంటే మీ పక్కనున్న అమరావతికి వచ్చి, అక్కడి భిక్షువుల దగ్గర కొన్ని నెలలు చదువుకున్నాడు. 645లో గ్రంథాలతో షియాన్ చేరాడు. ఆ గ్రంథాలు దాచడానికి 652లో కట్టించిందే ఈ గోపురం. ముందు మైదానంలో అతని విగ్రహం ఉంటుంది. బయలుదేరే ముందు ఒక ఆదివారం పిల్లలను అమరావతి తీసుకెళ్లి స్తూపం చూపించండి. తర్వాత ఇక్కడ ఆ విగ్రహం ముందు నిలబెట్టి చెప్పండి, ఈయన మన ఊరొచ్చి చదువుకున్నాడని.

తిండి గురించి మీరు భయపడుతున్నంత ఏమీ లేదు. కానీ "వెజిటేరియన్" అన్న మాట పనిచేయదు. మాంసం ముక్క కనిపించకపోతే వాళ్ల లెక్కలో అది కూరగాయల వంటకమే, పందికొవ్వు వేసినా సరే. "వో ఛ్ర సు" అంటే నేను శాకాహారిని, "బూ యావ్ రౌ" మాంసం వద్దు. పంది కొవ్వు, కోడి రసం, ఆయిస్టర్ సాస్, గుడ్డు వద్దని అత్తగారి కోసం చైనీస్‌లో ఒక చీటీ అనువాదం చేయించి ప్రింట్ తీసుకోండి. ది సాన్ షియెన్ అని వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం వేపుడు ప్రతి చోటా దొరుకుతుంది, మన నోటికి బాగా దగ్గర. పుల్లకారం బంగాళాదుంప తురుము, వెల్లుల్లి వేసిన ఆకుకూరలు సరే. మిగతావాళ్లకు టమాటా గుడ్డు కూర. షియాన్‌లో లియాంగ్‌పి అనే చల్లటి నూడుల్స్ కారం నూనె, వెనిగర్‌తో ఇస్తారు, అత్తగారు కూడా తినొచ్చు. మాపో తోఫులో ఖీమా ఉంటుంది, చూసుకోండి. అన్నం చివర్లో తెస్తారు, కూర్చోగానే "మీ ఫాన్" అని ముందే అడగండి. గదిలో కెటిల్ ఉంటుంది, స్టేషన్లలో, రైళ్లలో వేడినీళ్ల కుళాయిలుంటాయి. కందిపొడి, కారప్పొడి, ఉప్మా మిక్స్ తీసుకెళ్లండి. నెయ్యి, పాలపదార్థాలు, పండ్లు కస్టమ్స్‌లో నిషేధం.

డబ్బు చెల్లింపులన్నీ ఫోన్‌లోనే. మన యూపీఐ, రూపే మీద ఆధారపడకండి. మీకు అలీపే అనే చెల్లింపుల యాప్ కావాలి. వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ దానికి జోడించి, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేయండి. ఒక్కో చెల్లింపు 200 యువాన్‌లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది. భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ వేర్వేరు కార్డులతో పెట్టుకోండి, ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటుంది. వెయ్యి యువాన్‌లు నోట్లుగా ఉంచండి. గూగుల్, వాట్సాప్ అక్కడి నెట్‌లో రావు. ఇక్కడి సిమ్‌కు రోమింగ్ వేయించుకున్నా, ట్రావెల్ ఈసిమ్ తీసుకున్నా వస్తాయి. దేశీయ విమానం ఎక్కాల్సి వస్తే, 3సీ అనే చైనా భద్రతా ముద్ర లేని పవర్ బ్యాంకును 2025 జూన్ నుంచి తీసేసుకుంటున్నారు. రైల్లో ఆ గొడవ లేదు.

విమానాలు, వీసాలు కాకుండా ఐదుగురికి నా లెక్క ఇది. రెండు గదులు 8 రాత్రులకు 4,500 యువాన్‌లు. రైళ్లు 2,100. చూసే చోట్ల టికెట్లు 2,000 చిల్లర. తిండి రోజుకు 300 చొప్పున 2,400. మెట్రో, టాక్సీలు, గోడకు కారు కలిపి 1,800. మొత్తం 13,000 యువాన్‌ల దగ్గర ఆగుతుంది, అంటే లక్షన్నర నుంచి లక్షా డెబ్బై వేల రూపాయల మధ్య. చాలాచోట్ల పిల్లలకు వయసును బట్టో, ఎత్తును బట్టో ఉచితమో సగమో ఉంటుంది, కాబట్టి కాస్త మిగలొచ్చు. ఆ మిగిలింది టాక్సీలకు వాడండి. అత్తగారిని మెట్రో మెట్ల మీద నడిపించి ఆదా చేయకండి.

ముందు వీసా, విమానం టికెట్లు తేల్చుకోండి. ఫర్బిడెన్ సిటీకి వెళ్లే రోజు సోమవారం పడకుండా తేదీలు ఎంచుకుని ఇక్కడే రాయండి. ఏ పూట రైలైతే పిల్లలకు వీలుగా ఉంటుందో చూసి చెబుతాను. అత్తగారి చీటీలో రాయించాల్సిన వాక్యాలు కూడా పంపిస్తాను.